పొగ వద్దని ఓటేసినవాళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఉండేది ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్ పక్కన. ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్లను ఎప్పుడు భోజనానికి తీసుకెళ్లినా హోటల్ తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగుతారు. అక్కడ సిగరెట్ బొమ్మ మీద ఎర్ర గీత ఉంటుంది, కింద ఒక ఫోన్ నంబరు ఉంటుంది. "ఈ నంబరెందుకండీ?" అని అడుగుతారు. ఆ నంబరు వెనకున్న పొగ నిషేధం ఇక్కడ జనం ఓటుతో వచ్చింది, కాబట్టి దాని గురించి చెప్పబోతే 2006 ఎన్నికల దాకా వెళ్లాల్సి వస్తుంది. చెప్పిందే చెప్పీ చెప్పీ, ఇక రాసి పెట్టేద్దామనిపించింది.

ఓటుతో వచ్చిన నిషేధం అంటే ఏంటి? చట్టాలు చేసేది శాసనసభ కదా?

మామూలుగా అంతే. కానీ అమెరికాలో సగం దాకా రాష్ట్రాల్లో జనమే నేరుగా చట్టం ప్రతిపాదించే వీలుంది. సంతకాలు సేకరించి ఇస్తే ఆ ప్రతిపాదన ఎన్నికల రోజు బ్యాలెట్ మీదికి వస్తుంది. గవర్నర్ ఎవరు, సెనేటర్ ఎవరు అన్న ప్రశ్నల కిందే "ఈ చట్టం కావాలా, వద్దా" అన్న ప్రశ్న కూడా ఉంటుంది. ఆఫీసులు, ఫ్యాక్టరీలు, హోటళ్లు, బార్లు ఇలా నలుగురూ పనిచేసే మూసిన చోట్లలో పొగ తాగకూడదన్న చట్టాలు చాలా రాష్ట్రాల్లో శాసనసభల నుంచే వచ్చాయి. కొన్నింట్లో మాత్రం ఇలా ఓటు ద్వారా వచ్చాయి: 2002లో ఫ్లోరిడా, 2005లో వాషింగ్టన్, 2006లో ఒహాయో, అరిజోనా, నెవాడా, 2010లో సౌత్ డకోటా, 2012లో నార్త్ డకోటా. సౌత్ డకోటా కథ కాస్త తిరగేసినట్టుంటుంది. అక్కడ చట్టం చేసింది శాసనసభే. నచ్చనివాళ్లు సంతకాలు పెట్టి దాన్ని జనం ముందుకు లాగితే, జనం దాదాపు 64 శాతం ఓట్లతో చట్టాన్నే నిలబెట్టారు.

సిగరెట్ కంపెనీలు ఊరుకున్నాయా?

ఊరుకోలేదు. అసలు కథంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ఒహాయోలో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ ముందుండి 'స్మోక్ ఫ్రీ ఒహాయో' పేరుతో సంతకాలు సేకరించింది. ఇక్కడి పద్ధతి ఇది: గత గవర్నర్ ఎన్నికలో పోలైన ఓట్లలో 3 శాతానికి సమానమైన సంతకాలతో ముందు శాసనసభకు ఇవ్వాలి. నాలుగు నెలల్లో సభ ఆమోదించకపోతే మళ్లీ అంతే సంఖ్యలో సంతకాలు తెచ్చి జనం ముందు పెట్టొచ్చు. సభ కదల్లేదు. అలా 2006 నవంబర్ 7న అది బ్యాలెట్ మీదికి వచ్చింది. దాని పేరు ఇష్యూ 5.

దాని పక్కనే ఇష్యూ 4 కూడా వచ్చింది. అది ప్రచారంలోకి వచ్చిన పేరు 'స్మోక్ లెస్ ఒహాయో'. రెండు పేర్లూ ఒకసారి పైకి చదవండి. ఒకటి ఫ్రీ, ఇంకోటి లెస్. పని నుంచి అలిసిపోయి వచ్చి క్యూలో నిలబడ్డ మనిషికి రెండూ ఒకేలా వినిపిస్తాయి. ఈ రెండోదాని వెనక ఉన్నది ఆర్.జె. రేనాల్డ్స్ అనే సిగరెట్ కంపెనీ. పైకి అదీ పొగను కట్టడి చేసే ప్రతిపాదనే. లోపల చదివితే బార్లకు మినహాయింపు, బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే బౌలింగ్ కేంద్రాలకు మినహాయింపు, బింగో అనే అంకెల ఆట ఆడే హాళ్లకు మినహాయింపు, హోటళ్లలో గోడ కట్టి విడదీసిన భాగానికి మినహాయింపు. పైగా కొలంబస్ లాంటి నగరాలు అప్పటికే సొంతంగా పెట్టుకున్న గట్టి నిషేధాలు కూడా దాంతో చెల్లకుండా పోతాయి.

రెండూ గెలిచి ఉంటే?

అదే కదా ఎత్తు. ఇష్యూ 5 మామూలు చట్టం, ఇష్యూ 4 రాజ్యాంగ సవరణ. రెండూ నెగ్గితే రాజ్యాంగానిదే పైచేయి. అంటే పొగ వద్దనుకున్న ఓటరు "రెండూ మంచివే కదా" అని రెంటికీ అవునని ఓటేస్తే, తన రెండో ఓటుతో మొదటి ఓటును తానే చంపుకున్నట్టు. కాబట్టి ఆ ఏడాది ప్రచారంలో సగం శ్రమ సిగరెట్ గురించి కాదు, అంకెల గురించి: 5కి అవును, 4కి కాదు. ఆఖరికి ఇష్యూ 5కి 58 శాతం పైగా అవునన్నారు, ఇష్యూ 4ను దాదాపు 64 శాతం వద్దన్నారు. జనానికి చదవడం వచ్చని నిరూపించిన ఎన్నిక అది అంటాను నేను.

ఇది ఒక్క ఒహాయోలోనే జరిగిందా?

లేదు. అదే రోజు అరిజోనాలోనూ, నెవాడాలోనూ ఇలాంటి జంట ప్రతిపాదనలే. అరిజోనాలో రేనాల్డ్స్ బలపరిచిన ప్రపొజిషన్ 206 పేరు 'పొగ తాగనివారి రక్షణ చట్టం' అన్న అర్థం వచ్చేలా ఉంది. తీరా చూస్తే బార్లకు అందులో మినహాయింపు! అది ఓడింది, దాని ఎదురు నిలిచిన ప్రపొజిషన్ 201 సుమారు 55 శాతంతో గెలిచింది. నెవాడాలో మినహాయింపులు ఎక్కువున్న క్వశ్చన్ 4 ఓడి, గట్టిదైన క్వశ్చన్ 5 గెలిచింది.

ఈ ఎత్తు 2006లో కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. 1994లో కాలిఫోర్నియాలో ఫిలిప్ మోరిస్ కంపెనీ ప్రపొజిషన్ 188ను తెచ్చింది. రాష్ట్రమంతటా ఒకే పొగాకు నియమం అన్నది పైమాట. అప్పటికే శాసనసభ చేసిన గట్టి చట్టాన్ని, ఊళ్లు పెట్టుకున్న నిషేధాలను పక్కకు నెట్టడం లోపలి మాట. ఇది పొగకు వ్యతిరేకమైన ప్రతిపాదన అనుకుని సంతకం పెట్టామని అప్పట్లో చాలామంది వాపోయారు. కాలిఫోర్నియా ఓటర్లు సుమారు 70 శాతం మంది దాన్ని తిరగ్గొట్టారు.

ఒహాయో చట్టంలో 'పనిచేసే చోటు' అంటే ఏవేవి?

ఆఫీసు, మీటింగ్ గది, గోడౌన్, మెట్లు, వరండా, బాత్‌రూమ్, గరాజ్, కంపెనీ వాహనం అన్నీ వస్తాయి. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది: ఆ సమయంలో అక్కడ ఉద్యోగులు ఉన్నారా లేదా అన్నదానితో సంబంధం లేదు. రాత్రి పదకొండుకు షట్టర్ దించేశాక, క్యాష్ లెక్కపెట్టుకుంటూ ఓనరు ఒక్కడే వెలిగించినా తప్పే. పైగా అక్కడ యాష్‌ట్రేలు కూడా ఉండకూడదు. "తాగమని మేము చెప్పలేదు, కాకపోతే బూడిద రాల్చుకోడానికి ఏదో పెట్టాం" అనే వాదనకు చోటు లేకుండా చేశారన్నమాట.

మరి బయట వేసిన టేబుళ్ల దగ్గర తాగొచ్చా?

తాగొచ్చు, అది నిజంగా బయటే అయితే. చట్టం లెక్క ఇది: పైకప్పు ఉంటే గోడలు రెండు వైపులకు మించకూడదు. పైకప్పు లేకపోతే ఎన్ని గోడలున్నా ఫరవాలేదు.

నాకు తెలిసిన ఒకాయన చిన్న హోటల్ నడిపేవారు. పక్కన రేకుల కప్పు వేసిన చోటు, రెండు వైపులా గోడ, రెండు వైపులా ఖాళీ. ఎండాకాలమంతా బాగానే నడిచింది. డిసెంబర్‌లో గాలి తట్టుకోలేక, ఖాళీగా ఉన్న ఒక వైపు దళసరి ప్లాస్టిక్ షీటు దించి, ప్రొపేన్ హీటరు పెట్టారు. కూర్చున్నవాళ్లు ఎప్పటిలాగే సిగరెట్లు కాలుస్తున్నారు. రెండు వారాలకు హెల్త్ డిపార్ట్‌మెంట్ నుంచి ఉత్తరం. "అది గోడ కాదండీ, కవరు!" అని ఆయన మొత్తుకున్నారు. కానీ చట్టంలో 'గోడలు లేదా పక్క తెరలు' అనే ఉంది. ఆ షీటు దించిన క్షణాన ఆ చోటు మూడు వైపులా మూసిన గది అయిపోయింది. మొదటిసారి కాబట్టి హెచ్చరికతో పోయింది. షీటు తీసేశారు, కస్టమర్లు కోట్లు వేసుకుని వణుకుతూ కాల్చారు.

తలుపు నుంచి ఎంత దూరం వెళ్లాలి?

వాషింగ్టన్ రాష్ట్రంలో తలుపులకు, తెరుచుకునే కిటికీలకు, గాలి లోపలికి లాగే వెంట్లకు 25 అడుగులు. అరిజోనాలో 20. ఒహాయోలో అడుగుల లెక్క లేదు, పొగ లోపలికి రాకూడదంతే. సియాటిల్ వైపు ఉద్యోగం చేసే మనవాళ్లు వానలో గొడుగు పట్టుకుని ఎక్కడో దూరంగా నిలబడి కాల్చడానికి కారణం ఆ 25 అడుగులే.

జరిమానా ఎవరికి పడుతుంది, తాగినవాడికా, ఓనరుకా?

ఇద్దరికీ పడొచ్చు. ఒహాయోలో ఓనరుకు మొదట హెచ్చరిక ఉత్తరం, తర్వాత 100 డాలర్లు, ఆపైన మెట్టు మెట్టుగా పెరిగి 2,500 దాకా. ఆపమన్నా ఆపని వ్యక్తికి 100 డాలర్ల దాకా. తలుపు మీద ఉండే నంబరు ఫిర్యాదు చెయ్యడానికే. పోలీసులు రారు, హెల్త్ డిపార్ట్‌మెంట్ వాళ్లు చూసుకుంటారు. ఓటు పడిన నెలకు, 2006 డిసెంబర్ 7న చట్టం అమల్లోకి వచ్చినా, నియమాలు తయారై అసలు జరిమానాలు మొదలయ్యే సరికి 2007 మే వచ్చింది. ఆ మధ్య అయిదు నెలలూ చట్టం ఉంది, అడిగే నాథుడు లేడు.

అక్కడ పనిచేసేవాళ్లే ఫిర్యాదు చేస్తే ఉద్యోగం పోదా?

ఫిర్యాదు చేసినందుకు తీసెయ్యడం, కక్ష సాధించడం కుదరదని చట్టంలోనే రాసి ఉంది.

బార్ ఓనర్లు కోర్టుకు వెళ్లలేదా?

వెళ్లకుండా ఉంటారా. పేరు పడ్డ కేసు కొలంబస్‌లోని జీనోస్ అనే బార్‌ది. పదేపదే నోటీసులు వచ్చి, వేల డాలర్ల జరిమానా పేరుకుపోయింది. బార్ వాదన రెండు మాటల్లో: తాగేది కస్టమరు, జరిమానా మాకెందుకు? మా సొంత స్థలంలో ఏం చెయ్యాలో చెప్పడానికి ప్రభుత్వమెవరు? 2012లో ఒహాయో సుప్రీంకోర్టు ఈ వాదనను ఒప్పుకోలేదు. ప్రజల ఆరోగ్యం కోసం ఇలాంటి నియమం పెట్టే అధికారం రాష్ట్రానికి ఉందని, దీనివల్ల ఓనరు ఆస్తి లాక్కున్నట్టు కాదని తేల్చింది. మొదటి ప్రశ్న విషయంలో నాకు ఆ ఓనరు మీద కాస్త సానుభూతి ఉంది. తాగిన మత్తులో ఉన్నవాణ్ని బయటకు పొమ్మనడం ఎంత తలనొప్పో బార్‌లో పనిచేసినవాళ్లకే తెలుస్తుంది. కానీ అదే బార్‌లో రోజుకు ఎనిమిది గంటలు గ్లాసులు అందించే పిల్ల బయటకు వెళ్లి ఊపిరి పీల్చుకుని రాలేదు కదా.

విడిగా ఒక గది, మంచి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడితే చాలదా?

చాలదు. 2006 జూన్‌లో అమెరికా సర్జన్ జనరల్ (ప్రజారోగ్యం మీద ప్రభుత్వం తరఫున మాట్లాడే ప్రధాన వైద్యుడు) రిచర్డ్ కార్మోనా విడుదల చేసిన నివేదిక ఈ సంగతి తేల్చేసింది. పక్కవాళ్ల పొగ ఇంత వరకు పీలిస్తే ఏం కాదు అనే హద్దు ఏదీ లేదని, విడిగా కూర్చోబెట్టడం, గాలి శుభ్రం చెయ్యడం, వెంటిలేషన్ పెట్టడం వీటితో ఆ పొగ పూర్తిగా పోదని అందులో ఉంది. నవంబర్ ఎన్నికలకు అయిదు నెలల ముందు వచ్చిన నివేదిక అది.

నిషేధం వల్ల ఆరోగ్యం నిజంగా బాగుపడిందా?

దీనికి అందరూ చెప్పే ఉదాహరణ మోంటానా రాష్ట్రంలోని హెలెనా అనే చిన్న ఊరు. అదీ ఓటు కథే. 2002 జూన్‌లో ఆ ఊరి ఓటర్లు నిషేధాన్ని ఆమోదించారు. ఆరు నెలలు నడిచాక కోర్టు వ్యవహారంతో ఆగిపోయింది. ఆ ఊళ్లో గుండె జబ్బులు చూసే ఆసుపత్రి ఒక్కటే కావడంతో లెక్క తీయడం తేలికైంది. మామూలుగా ఆ ఆరు నెలల్లో గుండెపోటుతో చేరేవాళ్లు సగటున 40 మంది. నిషేధం ఉన్నప్పుడు 24. ఆగిపోయాక మళ్లీ పెరిగింది.

వినడానికి బ్రహ్మాండంగా ఉంది కానీ, ఈ అంకెల్ని నేను కాస్త జాగ్రత్తగానే చెప్తాను. 40, 24 అనేవి చిన్న లెక్కలు. ఒక చిన్న ఊళ్లో ఒక ఏడాది అటూ ఇటూ అవుతుంది. తర్వాత పెద్ద జనాభా మీద చేసిన అధ్యయనాల్లో తగ్గుదల ఇంతకన్నా తక్కువే కనిపించింది. కానీ కనిపించింది. 2009లో అమెరికాలో వైద్య విషయాల్లో సలహాలిచ్చే నిపుణుల సంస్థ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ వేసిన కమిటీ అన్నీ కలిపి చూసి, నిషేధాలకూ గుండెపోట్లు తగ్గడానికీ సంబంధం ఉందనే చెప్పింది.

వ్యాపారాలు దెబ్బతినలేదా?

హోటళ్లు, బార్ల రంగం మొత్తం మీద చూస్తే నష్టం కనపడలేదని అదే సర్జన్ జనరల్ నివేదిక చెప్పింది. మొత్తం మీద అన్న మాటను మాత్రం మర్చిపోవద్దు. సందు చివర, పది స్టూళ్లుండి, వచ్చేవాళ్లంతా పొగ తాగేవాళ్లే అయిన బార్ ఓనరుకు సగటుతో పనేముంది?

జనం ఓటేసిన చట్టాన్ని శాసనసభ మార్చెయ్యగలదా?

రాష్ట్రాన్ని బట్టి. ఫ్లోరిడాలో 2002లో 71 శాతం మంది ఓటేసి నిషేధాన్ని ఏకంగా రాజ్యాంగంలోనే పెట్టారు. దాన్ని శాసనసభ కదపలేదు. ఒహాయోది మామూలు చట్టం, సభ సవరించొచ్చు. నెవాడాలో ఓటుతో వచ్చిన చట్టాన్ని మూడేళ్ల దాకా ముట్టుకోకూడదు. ఆ గడువు దాటాక 2011లో సభ దాన్ని సడలించింది. పిల్లల్ని రానివ్వని బార్లయితే, తిండి అమ్ముతున్నా, పొగ తాగనివ్వొచ్చని మార్చింది.

నెవాడాలో జూదశాలల అసలు ఆట స్థలానికి మొదటి నుంచీ మినహాయింపే. ఆ రాష్ట్రంలో వాటిని ముట్టుకుని గెలిచే ప్రతిపాదన ఉండదని రాసినవాళ్లకు తెలుసు. అయినా ఒక మంచి పని జరిగింది. అక్కడ కిరాణా సూపర్ మార్కెట్లలో కూడా జూదమాడే స్లాట్ మెషీన్లు ఉంటాయి. ఒకవైపు పాలు, కూరగాయలు, ఇంకోవైపు మెషీన్ ముందు కూర్చుని సిగరెట్ ఊదేవాళ్లు. ఆ పొగ 2006 ఓటుతో ఆగింది.

వేప్ (ఈ-సిగరెట్), హుక్కా సంగతేంటి?

2012లో సుమారు మూడింట రెండొంతుల ఓట్లతో గెలిచిన నార్త్ డకోటా చట్టంలో ఈ-సిగరెట్లు మొదటే ఉన్నాయి. ఫ్లోరిడాలో వేప్ నిషేధం 2018లో ఓటుకు వచ్చింది, కానీ ఒంటరిగా కాదు. సముద్రంలో చమురు బావులు తవ్వకూడదన్న నిషేధంతో కలిపి ఒకే ప్రశ్నగా పెట్టారు! ఒకటి కావాలి, ఇంకోటి వద్దు అనే వీల్లేదు. రెండూ కలిపే గెలిచాయి. ఒహాయోలో 2021లో శాసనసభ వేప్‌ను చట్టంలోకి చేర్చింది.

హుక్కా కూడా పొగే. అమ్మకాల్లో ఎక్కువ భాగం పొగాకుదే అయిన దుకాణాలకు ఒహాయోలో మినహాయింపు ఉంది. చట్టం వచ్చాక కొత్తగా తెరిచేవాళ్లకు మాత్రం విడిగా, ఆ వ్యాపారం ఒక్కటే ఉన్న భవనం ఉండాలి.

ఇంట్లో?

మీ ఇల్లు మీ ఇష్టం. ఇంట్లోనే డేకేర్ నడుపుతుంటే ఆ వేళల్లో కుదరదు.

వేరే దేశాల్లో ఇలా ఓటేశారా?

జర్మనీలోని బవేరియాది చెప్పుకోదగ్గ కథ. 2008లో అక్కడి ప్రభుత్వం గట్టి చట్టమే తెచ్చింది, కానీ ప్రైవేటు క్లబ్బులకు దారి వదిలింది. దాంతో చాలా బీరు షాపులు రాత్రికి రాత్రి 'పొగరాయుళ్ల క్లబ్బు'లైపోయాయి. తలుపు దగ్గర మెంబర్‌షిప్ కార్డు ఇచ్చి లోపలికి పంపేవారు. ఆ ఏడాది ఎన్నికల్లో అధికార పార్టీ దెబ్బతిని, 2009లో చట్టాన్ని ఇంకా వదులు చేసింది. సెబాస్టియన్ ఫ్రాంకెన్‌బెర్గర్ అనే యువకుడు ముందుండి నడిపిన ఉద్యమంతో విషయం 2010 జూలై 4న ఓటుకు వచ్చింది. ఓటేసింది నూటికి 38 మంది లోపే, వాళ్లలో 61 శాతం గట్టి నిషేధమే కావాలన్నారు. అక్కడ ఏటా జరిగే బీరు పండుగ అక్టోబర్‌ఫెస్ట్ డేరాలను కూడా చట్టం వదల్లేదు.

ఓటు పెడితే ప్రతిసారీ నిషేధమే గెలుస్తుందనుకోవద్దు. స్విట్జర్లాండ్‌లో 2008లో జెనీవా ప్రాంతం 79 శాతంతో అవునంది. 2012లో అలాంటి గట్టి నియమాన్నే దేశమంతటికీ పెడదామంటే సుమారు 66 శాతం మంది వద్దన్నారు.

నేను హెచ్1బీ మీద ఉన్నాను. ఇలాంటివి బ్యాలెట్ మీదికి వస్తే ఓటెయ్యొచ్చా?

వద్దు. గ్రీన్ కార్డు ఉన్నా వద్దు. ఓటు పౌరులకే. లైసెన్స్ ఆఫీసులో ఎవరో ఫారం చేతిలో పెట్టారని తెలియక ఓటరుగా నమోదైనా తర్వాత ఇమిగ్రేషన్‌లో పెద్ద చిక్కు. ఫిర్యాదు నంబరుకు ఫోన్ చెయ్యడానికి మాత్రం ఏ వీసా అయినా ఒకటే.

మాది ప్రకాశం జిల్లా. పొగాకే మా బతుకు. ఇది రైతుల మీద దెబ్బ కాదా?

అడగాల్సిన ప్రశ్నే. దక్షిణ ఒహాయోలో ఒహాయో నది ఒడ్డున ఉన్న జిల్లాల్లోనూ బర్లీ రకం పొగాకు పండించిన కుటుంబాలున్నాయి, వాళ్లూ ఇదే అడిగారు. ఈ చట్టాలు పొగాకు పండించొద్దనవు, అమ్మొద్దనవు, తాగొద్దని కూడా అనవు. నలుగురు పనిచేసే నాలుగు గోడల మధ్య వద్దంటాయి. దానివల్ల తాగడం కొంత తగ్గుతుందన్నదీ నిజమే, దాన్ని దాచిపెట్టి మాట్లాడటం రైతుకు మర్యాద కాదు.

ఇండియాలోనూ నిషేధం ఉందిగా. తేడా ఏంటి?

ఉంది. 2003 చట్టం కింద వచ్చిన నియమాలు 2008 అక్టోబర్ 2 నుంచి అమల్లో ఉన్నాయి. ఆఫీసులు కూడా అందులోకి వస్తాయి, జరిమానా 200 రూపాయల దాకా. 30 గదులు దాటిన హోటళ్లలో, 30 సీట్లు దాటిన రెస్టారెంట్లలో, విమానాశ్రయాల్లో విడిగా పొగ గది పెట్టుకోవచ్చు. యాష్‌ట్రేలు, అగ్గిపెట్టెలు అందుబాటులో ఉంచకూడదన్న నియమం అక్కడా ఉంది. తెలంగాణ 2024 ఫిబ్రవరిలో అదే చట్టాన్ని సవరించి హుక్కా పార్లర్లను నిషేధించింది.

కానీ మన దగ్గర ఇలాంటి చట్టాన్ని జనం ఓటుకు పెట్టే ఏర్పాటే లేదు. పార్లమెంటు చేస్తుంది, కోర్టు ఆదేశిస్తుంది, మనకు పేపర్లో తెలుస్తుంది. మా ఊరి బస్టాండ్ ఎదురుగా పాన్ షాపు స్తంభానికి ఒక కొబ్బరి తాడు వేలాడుతుండేది, కొస ఎప్పుడూ కణకణమంటూ. సిగరెట్ కొన్నవాళ్లు వంగి దాంతో ముట్టించుకుని పోయేవారు. 2008 తర్వాత ఓసారి వెళ్లినప్పుడు చూశాను. తాడు అక్కడే ఉంది, దాని పక్కన 'పొగ త్రాగరాదు' అన్న బోర్డు కొత్తగా వెలిసింది. బోర్డు మీద రాసిన అధికారి ఫోన్ నంబరు చివరి రెండంకెల్ని ఆ తాడు పొగే నల్లగా కప్పేసింది.